పొద్దున్నే ఎవరి కోసం లేస్తారు?

   

ఇవాళ పట్టా అందుకున్న అమ్మాయిలూ, అబ్బాయిలూ, మీలో చాలామంది ఇవాళో రేపో మన సామర్లకోట జంక్షన్‌లో గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాదు వెళ్ళిపోతారు. కొందరు విశాఖపట్నం, కొందరు బెంగళూరు. కాకినాడలోనే ఉద్యోగం దొరికి, అమ్మ చేతి అన్నం తిని వెళ్ళొచ్చే అదృష్టవంతులూ ఉంటారు. పని కష్టమైతే నేర్చుకోవచ్చు. పక్కన పనిచేసే మనిషే కష్టమైతే ఏం చెయ్యాలో ఏ సిలబస్‌లోనూ లేదు. తెల్లవారుతుంటేనే ఆ మొహం గుర్తొచ్చి, దుప్పటి తియ్యబుద్ధి కాని రోజులు మీకూ వస్తాయి. నేను మాట్లాడేది ఆ రోజుల గురించే.

నేను చక్కెర కర్మాగారాల్లో కెమిస్టుగా బతికినవాణ్ణి. మొదటి ఉద్యోగం ఇక్కడ కాదు, వేరే జిల్లాలో. క్రషింగ్ సీజన్‌లో ఫ్యాక్టరీ రాత్రీ పగలూ ఆగదు. పొద్దున ఆరింటికి నా షిఫ్టు. అంతకు చాలా ముందే మొదటి కూత పడేది. ఆ కూత వింటే నాకు కడుపులో తిప్పేది. మా పై ఆఫీసరు నేను రాసిన రిపోర్టు మీద అందరి ముందూ ఎర్రగీతలు గీసి బల్ల మీదకి విసిరేవాడు. ఆయనకి కోపం వస్తుందన్న భయంతో తోటి కెమిస్టులు నాతో మాట్లాడ్డమే మానేశారు. ఎనిమిది గంటల షిఫ్టులో నన్ను పేరు పెట్టి పిలిచేవాడు ల్యాబ్ అటెండరు ఒక్కడే. రసంలో పంచదార ఎంతుందో తేల్చే బ్రిక్స్, పోల్ లెక్కలు చూడ్డం, రిజిస్టర్లో రాయడం, క్వార్టర్‌కి వచ్చి పడుకోవడం. ఉద్యోగం వదిలేసి వచ్చేస్తానని ఇంటికి ఉత్తరం కూడా రాశాను.

ఒకరోజు ల్యాబ్‌లోకి త్వరగా వెళ్ళడం ఇష్టం లేక చెరుకు యార్డులో నుంచి చుట్టూ తిరిగి వెళ్ళాను. బళ్ళు బారులు తీరి ఉన్నాయి. రైతులు చలికి ఎండుటాకు మంట వేసుకుని కూర్చున్నారు. ఒక పెద్దాయన నన్ను చూసి లేచి, "బాబూ, నిన్న పొద్దున కొట్టిన చెరుకండీ. మా బండి ఎప్పుడు తూకానికి పోద్ది?" అని అడిగాడు. కొట్టిన చెరుకు ఒక్క రోజు దాటితే ఏమవుతుందో నేను పరీక్షలకి చదివాను. బరువు తగ్గుతుంది, గడలో పంచదార విరిగిపోతుంది, ఎండ ముదిరిన కొద్దీ మరీ త్వరగా. ఆ చదివిందంతా ఆ వేళ ఒక మనిషి మొహంలో కనిపించింది.

ఆ మర్నాటి నుంచి యార్డు మీదుగానే వెళ్ళాను. రిజిస్టర్లో రసం లెక్కల పక్కన, ఆ బండి యార్డులో ఎన్ని గంటలు నిలబడిందో కూడా రాయడం మొదలుపెట్టాను. ఎవరూ రాయమనలేదు. ఆలస్యమైన చెరుకులో నష్టం ఎంతో ఆ కాగితం చెబుతుంటే, యార్డు సూపర్‌వైజరు ఎక్కువసేపు నిలబడ్డ బళ్ళని ముందు తోలించేవాడు. ఆఫీసరు మారాడా? మారలేదు. ఆ సీజన్ అయ్యేదాకా అలాగే ఉన్నాడు. నాకు మాత్రం కూత వినగానే ఆయన గుర్తు రావడం తగ్గి, బళ్ళు గుర్తు రావడం మొదలైంది.

చెరుకు సంగతి మీ ఊరికి కొత్త కాదు. ఎర్రకుళ్ళు తెగులు గోదావరి డెల్టాలో చెరుకు తోటల్ని తినేస్తుంటే, విరుగుడు వెతకడానికి 1902లో సామర్లకోటలోనే ప్రయోగ క్షేత్రం పెట్టారు. దాని వెనక ఉన్న బార్బర్ అనే వృక్షశాస్త్రవేత్త తర్వాత కోయంబత్తూరు వెళ్ళి, 1912లో మొదలైన చెరుకు పరిశోధన కేంద్రాన్ని నడిపాడు. ఆయనా, టి.ఎస్. వెంకట్రామన్ కలిసి, మన ఏటి ఒడ్డున కనిపించే రెల్లు జాతితో చెరుకుని సంకరం చేశారు. 1918లో కో 205 రకం రైతుల చేతికొచ్చింది. అంత పనికీ మొదలు, ఇక్కడ చేలో గడ ఎండిపోయి నిలబడ్డ రైతు. మీ పనికీ అటువైపు చివర ఒక మనిషి ఉంటాడు. బ్యాంకులో చేరితే పాస్‌బుక్ పట్టుకుని నిలబడ్డ ముసలమ్మ. సాఫ్ట్‌వేర్ రాస్తే, మీరు చేసిన తెర మీద మీట నొక్కే మనిషి. చేరిన మొదటి వారంలోనే ఆ మనిషిని వెతికి చూడండి.

ఇప్పుడు నన్ను బాగా బాధపెడుతున్న సంగతి ఒకటుంది. ఇంకా కళ్ళు పూర్తిగా తెరవరు, దిండు కింద నుంచి ఫోను తీస్తారు. రాత్రి పదకొండున్నరకి ఆఫీసు గ్రూపులో మేనేజరు ఏమన్నాడో చదువుతారు. పళ్ళు తోముకోలేదు, కాఫీ తాగలేదు, అప్పుడే పరాయి మనిషి చిరాకు నెత్తికెత్తుకుంటారా? ఎవరిచ్చారర్రా అతనికి ఆ హక్కు? మా ఆఫీసరు ఎంత కఠినుడైనా గేటు లోపలే ఉండేవాడు. గేటు దాటితే నా సాయంత్రం నాది. మీరు మాత్రం చేజేతులా మీ మేనేజర్ని పడగ్గదిలోకి తెచ్చుకుంటున్నారు. మా ఇంట్లో పిల్లలకీ ఇదే చెబుతాను, విసుక్కుంటారు, విసుక్కోనీ. ఫోను వంటింట్లో పెట్టి పడుకోండి. స్నానం చేసి, తిని, గడప దాటాక చూడండి. ఆసుపత్రి డ్యూటీయో, సబ్‌స్టేషన్ డ్యూటీయో అయితే నిజంగా అవసరమైనప్పుడు ఫోను మోగుతుంది, ఎత్తండి. గ్రూపులో తిట్టు అవసరం కిందకి రాదు.

నేను సర్దుకుపొమ్మని చెబుతున్నానని మాత్రం అనుకోకండి. బర్నౌట్ అనే ఈ నిస్సత్తువను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తన వర్గీకరణలో పనిచోట పుట్టే స్థితిగానే రాసింది, మనిషికి వచ్చిన జబ్బుగా రాయలేదు. కాబట్టి నీరసపడ్డ ప్రతివాడూ చేతకానివాడు కాడు. అమ్మాయిలూ, 2013 చట్టం ప్రకారం పదిమందో, అంతకు మించో పనిచేసే ఏ చోటైనా లైంగిక వేధింపుల మీద ఫిర్యాదు వినే అంతర్గత కమిటీ ఉండి తీరాలి. మామూలుగా సంఘటన జరిగిన మూడు నెలల్లోపే రాసివ్వాలి, నాన్చకండి. నిద్ర పట్టకపోతే, బతుకు మీదే విరక్తి పుడితే 14416కి ఫోన్ చెయ్యండి. అది కేంద్ర ప్రభుత్వం నడిపే టెలీ మానస్, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. అవమానమే జీతంగా ఇచ్చే చోటు అయితే వేరే ఉద్యోగం చూసుకుని బయటికి రండి.

ఇక వెనక వరుసల్లో కూర్చున్న తల్లిదండ్రులకు ఒక విన్నపం. ఏదో ఒక రాత్రి మీ పిల్లో పిల్లాడో ఫోన్ చేసి, "ఇక్కడ ఉండలేనమ్మా" అంటారు. అప్పుడు జీతం సంగతి, పక్కింటివాళ్ళ అబ్బాయి సంగతి ఎత్తకండి. "ఏం జరిగిందో మొదటి నుంచీ చెప్పు, వింటున్నాను" అనండి.