పుస్తకంలో మాట, సంతకం దగ్గర మాట

(మన సంఘం వార్షికోత్సవం నాడు సభ్యుల కుటుంబాల్లోని విద్యార్థులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

 

పరిశ్రమల అభివృద్ధి పాఠంలో వచ్చే వ్యాపార, సాంకేతిక పదాల గురించి పిల్లలకు నాలుగు ముక్కలు చెప్పమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. నేను ఇంజనీరును కాను, అర్థశాస్త్రం చదివినవాణ్ణీ కాను. 1970లో ఉద్యోగంలో చేరి ముప్పయ్యారేళ్లు ఫైళ్లు రాసిన గుమాస్తాను. అయితే గుమాస్తా బతుకంతా మాటలతోనే. ఒక్క మాట తప్పితే ఏమవుతుందో మాకు బాగా తెలుసు.

మొన్న మా మనుమరాలు పరీక్షకు చదువుతూ “తరుగుదల అనగా యంత్రముల విలువ కాలక్రమేణా క్షీణించుట” అని కళ్లు మూసుకుని వల్లిస్తోంది. “అర్థమైందా తల్లీ?” అంటే, “అర్థం ఎందుకు తాతయ్యా, అలా రాస్తే రెండు మార్కులొస్తాయి” అంది. నగ చేయించినప్పుడు కంసాలి తరుగు తీసేయడం మీ అమ్మమ్మలకు తెలుసు. ఫ్యాక్టరీలో యంత్రానికీ తరుగు ఉంటుంది. పది లక్షలు పెట్టి కొన్న యంత్రం పదేళ్లు పనిచేస్తుందనుకోండి. ఏటా లక్ష రూపాయలు ఖర్చు కింద రాసుకోవాలి. అలా రాయకపోతే లెక్కల్లో లాభం కనిపిస్తూనే ఉంటుంది, పదో ఏట యంత్రం మూలపడ్డాక ఆ లాభం ఎంత ఉత్తదో తెలుస్తుంది. తరుగుదల అంటే ఇంతే.

ఇక ఉక్కు సంగతి. విశాఖలో ఉక్కు కర్మాగారం కావాలని 1966లో పెద్ద ఉద్యమం నడిచింది. 32 మంది ప్రాణాలు పోయాయి. 1971లో ఇందిరాగాంధీగారు శంకుస్థాపన చేశారు. 1992లో పి.వి. నరసింహారావుగారు దానిని జాతికి అంకితం చేశారు. అక్కడి బ్లాస్ట్ ఫర్నేస్ అనే పేరు విని భయపడనక్కర్లేదు. మన ఊరి కమ్మరి కొలిమిని గుర్తు తెచ్చుకోండి. అతను తిత్తితో గాలి ఊదేవాడు, ఇక్కడ వేడిగాలిని యంత్రాలు ఊదుతాయి. పైనుంచి ముడి ఇనుము, కోక్, సున్నపురాయి వేస్తారు. బొగ్గును గాలి తగలకుండా కాలిస్తే వచ్చేది కోక్. కింద కరిగిన ఇనుము ఒకవైపు, చిట్టెం మరోవైపు వస్తాయి. ఆ చిట్టెం కూడా పారేసేది కాదు, సిమెంటు తయారీకి పోతుంది.

ఇక్కడే ఇంకో రెండు మాటలున్నాయి. ఒకటి ‘సామర్థ్యం’, రెండోది ‘సొంత గనులు’. విశాఖ కర్మాగారం సామర్థ్యం ఏడాదికి 73 లక్షల టన్నులు. సామర్థ్యమంటే తయారు చేయగలిగినది, ఉత్పత్తి అంటే నిజంగా తయారు చేసినది. ఇంట్లో గుండిగ ఎంత పెద్దదైనా బియ్యం ఉన్నంతే కదా అన్నం! ఈ కర్మాగారానికి ముడి ఇనుము ఇచ్చే సొంత గనులు లేవు, బైలదిల్లా నుంచి కొనుక్కోవాలి. అందుకే సొంత గనులనే మాట అక్కడి కార్మికుల నోట అంతగా వినిపిస్తుంది. 2021 జనవరిలో కేంద్ర ప్రభుత్వం ఇందులో ‘పెట్టుబడుల ఉపసంహరణ’కు సూత్రప్రాయంగా ఆమోదం తెలిపింది. అంటే సర్కారు తన వాటాను అమ్ముకోవడం. అది మంచో చెడో మీరు పెద్దయ్యాక వాదించుకోండి. మాట అర్థం కానిదే వాదన ఎలా చేస్తారు?

ఇప్పుడు ఇంతవరకు ఏ సభలోనూ చెప్పని సంగతి ఒకటి చెబుతాను. 1979లో ఒక పారిశ్రామికవాడ కోసం భూములు తీసుకున్నారు. ఊరి పేరు, ఆఫీసు పేరు వద్దు. పరిహారం పంచే బల్ల దగ్గర రిజిస్టరు పట్టుకుని కూర్చున్నవాణ్ణి నేను. 1894 నాటి భూసేకరణ చట్టంలో కలెక్టరు ఇచ్చే పరిహార నిర్ణయాన్ని ‘అవార్డు’ అంటారు. ఒక ముసలి రైతు ఆ మాట విని, సర్కారు తనకేదో బహుమానం ఇస్తోందనుకున్నాడు. మూడెకరాలు పోయిన మనిషి నాకు దణ్ణం పెట్టి వేలిముద్ర వేశాడు.

సొమ్ము చాలదనుకున్నవాడు ‘అభ్యంతరంతో పుచ్చుకుంటున్నాను’ అని రాయించి తీసుకోవాలి. అలా రాయించనివాడికి పెంపు కోసం కోర్టుకు పంపమని అడిగే హక్కు పోతుంది. ఆ సంగతి నాకు తెలుసు. అతను అడగలేదు, నేను చెప్పలేదు. వెనక వరుస బారెడుంది, పొద్దుపోతోంది, పైఅధికారి తొందర పెడుతున్నారు. పక్క పొలం రైతు చదువుకున్న కొడుకును వెంటబెట్టుకొచ్చి ఆ మాట రాయించాడు. రెండేళ్లకు కోర్టులో అతనికి పరిహారం పెరిగింది. అప్పుడు ఆ ముసలాయన ఆఫీసుకు వచ్చి, “ఒక్క మాట చెప్పి ఉంటే నీ సొమ్మేం పోయేది బాబూ?” అన్నాడు. కోపంగా కూడా అనలేదు. నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు.

ఆ పాత చట్టం పోయింది. 2013లో చేసిన కొత్త చట్టం 2014 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులోనూ అవార్డు అనే మాట ఉంది, అభ్యంతరం తెలిపి పుచ్చుకోవాలన్న నిబంధనా ఉంది. కనుక పిల్లలూ, ఈ పదాలు రెండు మార్కులవి కావు. మీ ఇంట్లో ఎవరైనా కాగితం మీద సంతకం పెట్టబోతుంటే పక్కన నిలబడి చదవండి. తెలియని మాట కనిపిస్తే సిగ్గుపడకుండా అడగండి. బల్లకు అవతల కూర్చున్నవాడు విసుక్కున్నా సరే, అడగండి.

తోటి పింఛనుదారులకు ఒక మనవి. మనకు ఫైళ్లు పోయాయి గాని మాటలు మిగిలాయి. ఇరుగుపొరుగు వారు నోటీసు పట్టుకుని వస్తే కళ్లజోడు పెట్టుకుని నిదానంగా చదివి అర్థం చెప్పండి. నేను మా అరుగు మీద రోజూ సాయంత్రం ఆ పనే చేస్తున్నాను. ఆ ముసలాయన బాకీ దీనితో తీరుతుందని కాదు, వడ్డీ అయినా కడుతున్నానన్న తృప్తి.