తాతగారి ఊరు
(ఖైతాన్ తెలుగువారి సభలో చేసిన ప్రసంగ పాఠం)

మేము సాయంకాలపు తరగతులలో తెలుగు నేర్చుకున్నవాళ్ళం. తప్పులు దొర్లితే మన్నించండి.

1860 నవంబరు 16న మద్రాసు నుండి 'ట్రూరో' అనే ఓడ డర్బన్ రేవు చేరింది. అది మొదలు 1911 వరకు 1,52,184 మంది భారతీయులు ఒప్పందపు కూలీలుగా నాటాల్ వెళ్ళారు. వారిలో మా తాతగారు ఒకరు. ఓడ జాబితాలో మనిషికొక నంబరు వేసి, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం వ్రాసేవారు. ఇంటిపేరుకు మాత్రం గడి లేదు. అందుచేత తాతగారి పేరే మాకు ఇంటిపేరయింది.

ఆ జాబితాలు నేటికీ ఉన్నాయి. మా తాతగారి నంబరు ఎదుట జిల్లా 'నార్త్ ఆర్కాట్' అని, తాలూకా చంద్రగిరి అని ఉంది. జిల్లా పేరు చూసి తమిళదేశంలో వెదికాము. ఇంట్లో మాట్లాడినదేమో తెలుగు! చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడిందనీ, అంతకు ముందు చంద్రగిరి, పలమనేరు నార్త్ ఆర్కాటులోనివేననీ తెలిసేసరికి చాలా ఏళ్ళు గడిచాయి.

ఇక ఊరు. గుమాస్తా తన చెవికి తోచినట్లు ఇంగ్లీషులో వ్రాసిన పేరు అది. దానికి పోలిక గల ఊళ్ళు మూడు కనిపించాయి. మూడింటికీ వెళ్ళాము. ప్రతి ఊళ్ళోనూ పెద్దలు అడిగింది ఒక్కటే: "మీ ఇంటిపేరేంది నాయనా?" మేము తల వంచుకున్నాము. మూడవ ఊళ్ళో ఒక అవ్వ, "ఏ ఇంటివాళ్ళయితే ఏమి, తిని పోండి" అని రాగిసంగటి పెట్టింది. అది మా తాతగారి ఊరో కాదో మాకు ఇప్పటికీ తెలియదు.

ఖైతాన్‌లో కడప, రాయచోటి, రాజంపేట వైపువారు ఎందరో ఉన్నారు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2022లో రాయచోటి కడప జిల్లా నుండి విడిపోయింది. జిల్లాలు ఇలా మారుతూనే ఉంటాయి. కాగితాల మీద మన పేర్లూ ఒక్కొక్క చోట ఒక్కొక్క రకంగా పడుతుంటాయి. వాటిని నమ్ముకోవద్దు. ఈ రాత్రే మీ పిల్లల చేత ఒక పుస్తకంలో ఇంటిపేరు, జేజినాయన పేరు, ఊరు, పాత తాలూకా, గ్రామదేవత పేరు తెలుగులో వ్రాయించండి.

రేపు మీ మనుమలు ఆ ఊరికి వెళ్ళినప్పుడు, అవ్వ అడిగిన ప్రశ్నకు తల వంచుకోకూడదు. సెలవు.