ప్రాణము నిలుపు ముడులు

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ సభలో చేసిన ప్రసంగ పాఠము)



రోడ్లను గూర్చి, మంచినీటిని గూర్చి, వీధిదీపములను గూర్చి మీరు ఇదివరలో ఎన్నియో ప్రసంగములు వినియుందురు. నేడు మేము ఒక తాడు చేతబట్టుకొని మీ ముందుకు వచ్చినాము. తాడును గూర్చి రైతుబిడ్డలకు చెప్పవలసినది ఏమున్నదని మీరు నవ్వుకొనవచ్చును. చేంతాడు, పలుపు, పగ్గము, మోకు వీనితోనే గదా మన గ్రామజీవితము పెనవేసుకొని యున్నది! ఐనను ఒక మాట మనవి చేయుదుము. మూటకు వేయు ముడి వేరు, మనిషికి వేయు ముడి వేరు. ఈ భేదము తెలియనిచో ప్రాణమునకే ముప్పు.

కొన్ని సంవత్సరముల క్రిందట మేము ప్రచార కార్యక్రమమునకై ఒక గ్రామమునకు పోయియుండగా, బావిలో మోటారు దించుచున్న యువకుడొకడు కాలుజారి నీటిలో పడెను. పైనున్నవారు వెంటనే చేంతాడు జారవిడిచిరి. అతడు దానిని నడుమునకు కట్టుకొనెను. కట్టినది జారుముడి. లాగినకొలది అది బిగిసి, ఊపిరి సలుపక, సగము దూరము వచ్చుసరికే అతడు సొమ్మసిల్లెను. మరల దించుదమన్న క్రింద నీరు. గోడరాళ్ళ మీదుగా దిగిన ఇద్దరు సాహసవంతులు అతనిని పట్టుకొని ఎట్లో పైకి చేర్చిరి. అతడు బ్రదికెను. కాని ఆనాడు బావి చుట్టు చేరిన అంతమందిలో బిగియని ఉచ్చు వేయుట తెలిసినవారు ఒక్కరును లేకపోయిరి. మాకును తెలియదు. ఆ సిగ్గుతోనే మేము నాలుగు ముడులు నేర్చుకొంటిమి. వానినే నేడు మీకు చూపుచున్నాము.

ఈ విద్యలో ఆరితేరినవారు పర్వతారోహకులు. 1953లో టెన్సింగ్, హిల్లరీలు ఎవరెస్టును ఎక్కిన యాత్రలోనే, ఒకనాడు హిల్లరీ మంచు చీలికలో పడిపోగా, అతనితో ఒకే తాటికి కట్టుకొనియున్న టెన్సింగ్ ఆ తాడును బిగబట్టి నిలిపెను. ఆ తాడు లేకున్న శిఖరమే లేదు. ఇది పరదేశముల ముచ్చట మాత్రమే కాదు. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు గిరిజన బాలిక మాలావత్ పూర్ణ 2014 మే 25న, పదమూడేండ్ల ప్రాయమున, ఎవరెస్టు శిఖరమును చేరినది. ఆమె మొదట తాడు పట్టి కొండ ఎక్కుట నేర్చినది మన భువనగిరి ఏకశిల మీదనే. నేడు మన బడిపిల్లలు పలువురు అటువంటి శిక్షణలకు పోవుచున్నారు. వారికి తెలిసినది ఊరి పెద్దలకు తెలియకుండుట తగునా?

ముందుగా తాడును ఎన్నుకొనుట. కొబ్బరిపీచు, జనపనార తాళ్ళు తడిసి ఆరి, పైకి బాగుగా కనిపించుచునే లోపల చివికిపోవును. కావున వానికి మనిషి బరువు అప్పగించరాదు. సంతలో చౌకగా దొరకు ప్లాస్టిక్ తాడు నీటిపై తేలును. వరదలో కొట్టుకొనిపోవువానికి విసరుటకు అది మంచిదే. కాని ఎండకు పెళుసుబారును, ఒరిపిడి వేడికి కరగును. నైలాన్ తాడు బలమైనది, కొంత సాగి కుదుపును తాను మ్రింగును. కొండ ఎక్కువారు వాడునది ఇట్టి నైలాన్ పోగులపై అల్లిన తొడుగుగల ప్రత్యేకమైన తాడు. ఏ తాడైనను ముడి వేసినచోట బలము తగ్గును. ముడిని బట్టి నాలుగవ వంతు మొదలు సగము వరకును తగ్గవచ్చును. కావున తాడు బరువునకు సరిపోయినంత మాత్రమున చాలదు. అంతకు అనేక రెట్లు బలముండవలెను.

ఇక ముడులు. మొదటిది బిగియని ఉచ్చు. కొన నుండి మూడు మూరల దూరమున, కొనవైపు పేట పైకి వచ్చునట్లు చిన్న చుట్ట చేయుడు. కొనను మనిషి చంకల క్రిందుగా త్రిప్పి తెచ్చి, ఆ చుట్టలోనికి క్రింది నుండి పైకి దూర్చుడు. పొడవు తాడు వెనుకగా త్రిప్పి, మరల అదే చుట్టలోనికి పై నుండి క్రిందికి దింపి, బిగింపుడు. ఎంత లాగినను ఈ ఉచ్చు చిన్నది కాదు. పని తీరిన పిమ్మట సులభముగా విప్పవచ్చును. కాని బరువు లేనప్పుడు ఊగిసలాడిన వదులు కావచ్చును గనుక, జానెడు కొన మిగిల్చి, దానితో ఉచ్చు పేటపై మరియొక ముడి వేయవలెను.

రెండవది ఎనిమిది ముడి. కొండ ఎక్కువారు నడుముపట్టీకి వేసికొనునది ఇదియే. తాడుతో చుట్ట చేసి, కొనను పొడవు తాడు వెనుకగా త్రిప్పి, ముందువైపు నుండి చుట్టలో దూర్చినచో 8 అంకె రూపము వచ్చును. ఆ కొనను పట్టీ గుండా పోనిచ్చి, మొదటి తాడు నడచిన దారినే, దాని ప్రక్కప్రక్కనే, వెనుకకు నడిపింపవలెను. తప్పు జరిగినచో చూడగానే తెలియును. అదియే దీని గొప్పతనము.

మూడవది గుంజ ముడి. చెట్టునకో గుంజకో రెండు చుట్లు త్రిప్పి, కొనతో పొడవు తాటిపై ఒకదాని ప్రక్క నొకటిగా రెండు ముడులు వేయుడు. పశువులను కట్టునప్పుడు రెండవ ముడిలో కొననంతను దూర్చక, మడత మాత్రమే దూర్చిన, ఒక్క లాగుతో విడిపోవును. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచినప్పుడు వేలాది జనులతోపాటు లెక్కకు మిక్కిలిగా పశువులును నశించెను. నీరు ముంచుకొని వచ్చువేళ పలుపు విప్పుటకు క్షణము కంటె ఎక్కువ పట్టరాదు.

నాలుగవది జోడు ముడి. లావు తాటి కొనను మడిచి, సన్న తాటి కొనను ఆ మడతలోనికి క్రింది నుండి తెచ్చి, మడత రెండు పేటల వెనుకగా చుట్టి, సన్న తాటి క్రిందనే దూర్చి లాగుడు. పందిరికి, గుడారమునకు, సామానులు దించుటకు ఇది చాలును. ఇట్లు అతికిన తాటిపై మనిషిని దింపరాదు.

ఏ ముడినైనను కట్టినవాడు ఒకసారి, ప్రక్కవాడు మరియొకసారి చూచి, లాగి, అటుపిమ్మటనే బరువు మోపవలెను. బావి ఒరపై గోనెపట్టా పరచిన తాడు కోసికొనిపోదు. తాటిపై వ్రేలాడు మనిషికి కొద్ది నిమిషములలోనే ఊపిరి కష్టమగును. కావున వీలున్నంతవరకు నులకమంచము నాలుగు కాళ్ళకు తాళ్ళు కట్టి దించుట మేలు.

మరియొక హెచ్చరిక. పాడుబడిన బావిలో చెడుగాలి యున్నచో ఏ ముడియు కాపాడలేదు. దీపము ఆరలేదుగదా యని దిగరాదు. కొన్ని విషవాయువులు దీపమును ఆర్పవు, మరికొన్ని నిప్పంటుకొనును. పడినవానిని తీయబోయి రెండవవాడును పడిపోవుట తరచుగా వినుచున్నాము. వెంటనే 112కు, అగ్నిమాపక దళము వారి 101కి ఫోను చేయుడు.

తాడిచెట్టు ఎక్కు గీత సోదరులకు మోకు తాతలనాటి నేస్తము. అయినను పట్టుతప్పి పడువారు గలరు గనుకనే, 2024లో తెలంగాణ ప్రభుత్వము కాటమయ్య రక్షణ కవచమను పేర తాళ్ళు, పట్టీలుగల సామగ్రి పంపిణీకి పూనుకొన్నది. వాడుకొననిచో కవచము చిలుకకొయ్యకు అలంకారమే యగును. మీ గ్రామమున అట్టి సామగ్రి యున్న, దానిని వాడుచున్నారో లేదో విచారింపుడు.

తుదకు మా విన్నపము. మీ ఊరిలో మిక్కిలి లోతైన బావికి రెట్టింపు పొడవుగల మంచి నైలాన్ తాడు ఒకటి పంచాయతీ కార్యాలయమున నుంచుడు. నీడను, పొడిగా, పురుగుమందులకు దూరముగా వ్రేలాడదీయుడు. పెండ్లిపందిరికిగాని, బండికిగాని దానిని ఎరువీయకుడు. మూడు నెలలకొకసారి మూరమూర తడిమి చూచి, తొడుగు చిట్లిన, మెత్తబడిన, తీసివేయుడు. గ్రామసభ దినమున అరగంట సేపు యువతీయువకులచే ఈ నాలుగు ముడులు వేయింపుడు. కన్నులు మూసికొనియు వేయగలుగువరకు అభ్యసింపజేయుడు. ఆపద వచ్చునది చీకటిలో, వానలో, వణకుచున్న చేతులకు.

ఇప్పుడు మా వద్దనున్న ఈ తాటి ముక్కలను మీకు పంచుచున్నాము. మొదటి ముడిని మీలో ప్రతివారును ఒకసారి వేసి, ప్రక్కవారికి చూపిన తరువాతనే మన సభ ముగియును.