మానేశామా? మాన్పించారా?

(పల్లెలో జరిగిన మహిళా కూలీల సభలో చేసిన ప్రసంగ పాఠం)

అక్కలారా, చెల్లెళ్లారా, వెనక గోడకానుకుని నిలబడ్డ అన్నలారా!

నేనివాళ ఒక కాగితం గురించి మాట్లాడటానికి వచ్చాను. దాంట్లో ఉండేది ఒకే వాక్యం. "నా సొంత కారణాల వల్ల ఉద్యోగం మానేస్తున్నాను." దాని కింద ఒక సంతకం. అంతే. ఆ ఒక్క వాక్యం మన ఆడపిల్లల నోటికాడి కూడు ఎట్లా లాగేస్తుందో చెప్తాను. ఓపిగ్గా వినండి.

మా పేటలో ఒక చెల్లెలుంది. పేరు చెప్పను. చెప్పుల కంపెనీలో నాలుగేళ్లు మిషన్ కుట్టింది. తెల్లారకముందే బస్సెక్కేది, చీకటి పడ్డాక దిగేది. కాన్పుకు సెలవు పెట్టింది. ఈఎస్ఐ నుంచి సెలవు డబ్బులు వచ్చాయి. అందాకా బాగానే ఉంది. సెలవు అయిపోయి పనిలోకి పోతే సూపర్‌వైజరు ఆమెను పాత మిషన్ మీద కూర్చోబెట్టలేదు. రోజంతా నిలబడి చేసే లైన్లో వేశాడు. బిడ్డకు పాలివ్వడానికి తావు లేదు. పాలు పొంగి రవిక తడిసిపోతే పక్క లైన్లో మగపిల్లలు నవ్వారు. ఇంటి దగ్గర బిడ్డను చూసేది వాళ్లమ్మ. ఆమె కూలికి పోతేనే ఇంట్లో పొయ్యి వెలిగేది. నెలన్నర ఈడ్చింది. నాలుగు నాగాలు పడ్డాయి. ఆఫీసులోకి పిలిచి, "ఎందుకమ్మా నీకీ కష్టం? దీని మీద సంతకం పెట్టు, నీ లెక్క తేల్చేస్తాం" అన్నారు. పెట్టేసింది.

రెండు నెలల తర్వాత ఎవరో చెప్తే ఈఎస్ఐ ఆఫీసుకు పోయింది. పని పోయినోళ్లకు ఏదో డబ్బులిస్తారంట కదా సార్ అని అడిగింది. ఆయన రికార్డు చూసి, "నిన్ను ఎవరూ తీసెయ్యలేదు కదమ్మా, నువ్వే మానేశావు" అన్నాడు. ఆ మాట విని నా దగ్గరికొచ్చి ఏడ్చింది. "అక్కా, నేను మానేశానా? నన్ను మాన్పించారా?" అనడిగింది. నేనివాళ మీ ముందు పెట్టే ప్రశ్న అదే.

ముందు చట్టంలో ఏముందో చూద్దాం. మన దేశంలో 1961లో ప్రసూతి ప్రయోజన చట్టం వచ్చింది. 2017లో దాన్ని సవరించి 12 వారాల సెలవును 26 వారాలు చేశారు. ఇద్దరు బిడ్డలున్న తల్లికి మాత్రం 12 వారాలే. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టాన్ని సామాజిక భద్రత కోడ్‌లో కలిపేశారు. పేరు మారింది గాని ఈ హక్కులు పోలేదు. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట బిడ్డల్ని చూసే క్రెష్ ఉండాలి. తల్లి రోజుకు నాలుగుసార్లు బిడ్డ దగ్గరికి పోయి రావచ్చు. బిడ్డకు 15 నెలలు వచ్చేదాకా పాలివ్వడానికి రోజుకు రెండుసార్లు విరామం ఇవ్వాలి. ప్రసూతి సెలవులో ఉన్న మనిషిని తీసెయ్యడం నేరం.

మరి నేరమని తెలిసినోడు ఏం చేస్తాడు? తీసెయ్యడు. మనచేతనే మానిపిస్తాడు. క్రెష్ పెట్టడు, పాలు పట్టనివ్వడు, బస్సు టైము మారుస్తాడు, కొత్త లైన్లో వేస్తాడు. ఆఖరికి తెల్లకాగితం ముందు పెడతాడు. కొన్నిచోట్ల పనిలో చేరిన రోజే ఖాళీ కాగితం మీద సంతకం తీసుకుని బీరువాలో పెట్టుకుంటారు. చట్టం మొహం చూస్తే మనవైపే ఉంది. కాగితం చూస్తే వాడివైపు ఉంది.

ఇప్పుడు నిరుద్యోగ భృతి సంగతి. మన జీతంలో నూటికి ముప్పావలా ఈఎస్ఐకి పోతుంది. యజమాని మూడూ పావలా కడతాడు. అంటే 12 వేల జీతం మీద మనవి 90 రూపాయలు, వాడివి 390. ఆ నిధి నుంచి పని పోయినోళ్లకు రెండు పథకాలు పెట్టారు. 2005లో రాజీవ్ గాంధీ పేరుతో ఒకటి వచ్చింది. అది ఫ్యాక్టరీ మూసేసినోళ్లకు, రిట్రెంచ్‌మెంట్ అయినోళ్లకు, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినోళ్లకు. రాజీనామా చేసినోళ్లకు దాంట్లో చోటు లేదు. 2018లో అటల్ పేరుతో ఇంకోటి వచ్చింది. మొదట జీతంలో పావు వంతు ఇచ్చేవాళ్లు, 2020లో సగం చేశారు. 90 రోజులు దాటదు, బతుకులో ఒకసారే. 12 వేల జీతమైతే అంతా కలిపి 18 వేల దాకా వస్తుంది. తప్పు చేశాడని తీసేసినోళ్లకు, రిటైరైనోళ్లకు, స్వచ్ఛందంగా విరమించుకున్నోళ్లకు ఇది రాదు. పైగా ఇది చట్టం కాదు, పథకం. గడువు పెట్టి పొడిగించుకుంటూ వచ్చారు. అందుకని దరఖాస్తు పెట్టేముందు గడువు ఉందా అని బ్రాంచి ఆఫీసులో అడగాలి.

ఆ "స్వచ్ఛందం" అనే మాట దగ్గరే మన చెల్లెలు పడిపోయింది. సొంత కారణాలని రాసిచ్చాక, కాదు నన్ను మాన్పించారని రుజువు చెయ్యాల్సింది ఆమే!

దీన్లో ఇంకో గుంట ఉంది. దాన్ని ఎవరూ చెప్పరు. అటల్ పథకం రావాలంటే రెండేళ్లు బీమాలో ఉండాలి. పని పోవడానికి ముందున్న ఆర్నెల్ల చందా కాలంలో కనీసం 78 రోజుల చందా ఉండాలి. ఈ ఆర్నెల్లు ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఒకటి, అక్టోబరు నుంచి మార్చి దాకా ఒకటి. వేళ్ల మీద లెక్కెయ్యండి. ఒక తల్లి మే 1న సెలవు పెట్టింది. 26 వారాలంటే అక్టోబరు 29 దాకా. సెలవులో జీతం యజమాని ఇవ్వడు, ఈఎస్ఐ ఇస్తుంది. జీతం లేని రోజులకు చందా లేదు. డిసెంబరులో ఆమెను బయటికి పంపారనుకోండి. వెనక్కి చూస్తే ఏప్రిల్-సెప్టెంబరు లెక్కలో ఆమెకున్నది ఏప్రిల్ నెల ఒక్కటే. 30 రోజులు! 78 ఎక్కడ, 30 ఎక్కడ? పోనీ పాపం, రాజీనామా చెయ్యలేదు, వాళ్లే తీసేశారు అనుకుందాం. అప్పుడు కూడా బిడ్డను కన్న నేరానికి భృతి పోతుంది. ఒక చేత్తో ప్రసూతి సెలవు ఇచ్చి, ఇంకో చేత్తో ఆ సెలవునే సాకు చేసి నిరుద్యోగ సాయం లాక్కున్నట్టు కాదా ఇది?

ఎక్కడైనా ఇంతే కదా, తల్లి తనంతట తను మానేస్తే ఎవరిస్తారు అంటారు కొందరు. ఇస్తారు. ఇటలీ దేశంలో 2001 నాటి చట్టం ఉంది. బిడ్డకు ఏడాది నిండకముందు తల్లి రాజీనామా చేస్తే, ఆమెను యజమాని తీసేసినట్టే లెక్కగట్టి నిరుద్యోగ భృతికి అర్హత ఇస్తారు. అంతేకాదు, బిడ్డకు మూడేళ్లు వచ్చేలోపు చేసిన రాజీనామా కార్మిక శాఖ ఇన్‌స్పెక్టరు ధ్రువపరిస్తేనే చెల్లుతుంది. ఆమె మనసారా రాసిందా, మెడ మీద కత్తి పెట్టి రాయించారా అని ఆయన అడగాలి. పసిబిడ్డ తల్లి రాజీనామా మామూలు రాజీనామా కాదని వాళ్ల చట్టం ఒప్పుకుంది. మన చట్టం ఎందుకు ఒప్పుకోదు?

ఈ మాట మనకు కొత్తది కూడా కాదు. 1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి బిల్లు వచ్చినప్పుడు బాబాసాహెబ్ లేచి దాన్ని బలపరిచారు. తల్లికి విశ్రాంతి ఇవ్వడం దేశానికి మేలు, ఆ భారంలో ప్రభుత్వానికీ వాటా ఉంది, ఆమె పనితో లాభపడే యజమానికీ వాటా ఉంది అని వాదించారు. 1929లో ఆ చట్టం వచ్చింది. ఆయన చెప్పింది దయ గురించి కాదు, బాధ్యత గురించి. బిడ్డను కనడం ఆమె సొంత కారణమని ఆయన అనలేదు!

మరి ఇప్పుడేం చెయ్యాలి? ఇంటికి పోయి నలుగురికి చెప్పండి.

ఒకటి. ఖాళీ కాగితం మీద గాని, చదివి వినిపించని కాగితం మీద గాని సంతకం, వేలిముద్ర వెయ్యొద్దు. "రేపు మా అన్నను తీసుకొచ్చి పెడతా" అని బయటికి రండి.

రెండు. సెలవు అయిపోయి పనిలో చేరేరోజు "ఫలానా తేదీన చేరాను" అని రాసిచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. వెయ్యకపోతే ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి.

మూడు. పని చెయ్యలేని స్థితి తెస్తే నోటితో పోట్లాడి ఊరుకోవద్దు. క్రెష్ లేదు, పాలివ్వనివ్వటం లేదు, లైను మార్చారు అని తేదీలేసి ఉత్తరం రాయండి. అక్నాలెడ్జ్‌మెంట్ పెట్టి స్పీడ్ పోస్టులో పంపండి. నిజంగా మానాల్సి వస్తే కూడా "సొంత కారణాలు" అని రాయొద్దు. అసలు కారణం రాయండి. రేపు సాక్ష్యం చెప్పేది ఆ ఉత్తరమే.

నాలుగు. గర్భంతో ఉన్నప్పుడో, ప్రసూతి సెలవులోనో తీసేస్తే 60 రోజుల్లోపు లేబర్ ఆఫీసులో అప్పీలు పెట్టాలి. ఆ తేదీ దాటనివ్వొద్దు.

అయిదు. ఈఎస్ఐ నంబరు, జీతం చీటీలు, ఆస్పత్రి డిశ్చార్జి కాగితం ఒక సంచిలో వేసి దూలానికి కట్టుకోండి. తీసుకున్న ప్రసూతి డబ్బులు తిరిగి కట్టమని ఎవడైనా బెదిరిస్తే కట్టొద్దు. చట్టంలో అట్లాంటి మాట లేదు.

ఆస్పత్రిలో, మున్సిపాలిటీలో ఊడ్చే అక్కలు, "మేం కాంట్రాక్టోళ్లం, మాకేం వర్తిస్తుంది" అంటున్నారు. వర్తిస్తుంది. ఢిల్లీ మున్సిపాలిటీలో మస్టరు రోలు మీద దినకూలి చేసే ఆడోళ్లకు కూడా ప్రసూతి హక్కు ఉందని 2000లో సుప్రీంకోర్టు చెప్పింది. కాంట్రాక్టు గడువు మధ్యలో అయిపోయినా ప్రసూతి ప్రయోజనం పూర్తిగా ఇవ్వాలని 2023లో చెప్పింది.

పొలంలో నాట్లేసే అక్కకు ఇవేమీ లేవని నాకు తెలుసు. ఆమెకు సెలవే లేదు, ఇక రాజీనామా ఎక్కడిది? మొదటి కాన్పుకు కేంద్రం ఇచ్చే 5 వేలతో సరిపెట్టుకోమంటున్నారు. కంపెనీలో కూతురు గెలిస్తే, పొలంలో తల్లి గురించి అడిగే నోరు వస్తుంది. అందుకే ఇది అందరి కొట్లాట.

మనం అడిగేది మూడు ముక్కలు. ప్రసవమైన ఏడాదిలోపు ఇచ్చిన రాజీనామాను లేబర్ అధికారి తల్లిని ఒంటరిగా విచారించాకే ఒప్పుకోవాలి. అట్లా మానిన తల్లికి నిరుద్యోగ భృతి ఇవ్వాలి. ప్రసూతి సెలవు రోజుల్ని చందా రోజులుగా లెక్కగట్టాలి.

ఆ చెల్లెలు ఇవాళ ఈ సభలోనే ఉంది, బిడ్డను చంకనేసుకుని. ఆమెకు మనమందరం కలిసి జవాబు చెబుదాం. నువ్వు మానలేదమ్మా. నిన్ను మాన్పించారు. ఈసారి కాగితం మనమే రాద్దాం, సంతకాలు పల్లె మొత్తం పెడదాం.

జై భీమ్!