రేకు అక్షరములు
(చాకవేలు తెలుగువారి సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



మా విషయము చిన్నది. గోనెసంచిపై చిల్లుల రేకునుంచి రంగు పూసినచో అక్షరములు సంచిపై పడును. దీనినే స్టెన్సిలు అందురు. చింతామణి మండీకి సరకు తోలిన మనవారికి ఇది క్రొత్త కాదు. ముంగిట ముగ్గురేకు వాడు ఇల్లాండ్రకు దీని సూత్రమును తెలిసినదే.

అక్కరకై పుట్టిన ఈ రూపము పిమ్మట వినోదమునకును అలంకారమునకును పనికివచ్చినది. జర్మనీలోని బౌహౌస్ విద్యాలయమున జోసెఫ్ ఆల్బర్స్ 1920 దశకమున కొలది రేఖాగణిత రూపములతోనే ఇట్టి అక్షరములు కూర్చెను. 1937లో అమెరికాయందు రెండు అచ్చక్షరముల సంస్థలు 'స్టెన్సిల్' అను పేరుతోనే శీర్షికాక్షరములను వెలువరించినవి.

రేకున సున్నను కోసినచో నడిమి బిళ్ళ ఊడిపడును. దానిని నిలుపుటకు సన్నని పట్టీని కోయక విడువవలెను. ఆ పట్టీయే అచ్చున తెంపుగా కనబడును. ఇంగ్లీషు 'ఓ' అక్షరమున రెండు తెంపులున్నను 'ఓ' గానే చదువుదుము. మన లిపి సంగతి వేరు. ప, ఫ, ష అక్షరములపై తలకట్టు ఒడలిని అంటక నిలుచును, వకారముపై అంటియుండును. వకారపు తలపై పట్టీ విడిచినచో 'వంట' యని కోసిన రేకు 'పంట' యని అచ్చువేయును. కావున ఆ పట్టీని ప్రక్కనో అడుగుననో విడువవలెను.

ఈ అక్షరములు శీర్షికలకు, నాటక ప్రకటనలకు, జాతర తోరణములకు, పెట్టెలపై పేర్లకు తగును. వ్యాసములకు తగవు. ఒత్తులు ఇరుకుపడిన చోట తెంపులు కన్నును తడబరచును.

ఇంతగా చెప్పుటకు కారణము కలదు. మన పిల్లలు ఇంట తెలుగు మాటాడుచు బడిలో కన్నడము వ్రాయుచున్నారు. అది మంచిదే. కైవారము తాతయ్యగారు రెండు భాషలందును కీర్తనలు చెప్పిరి. రెండు లిపులును ఒక్క మూలమునుండి చీలినవి గనుక కన్నడము వచ్చినవారికి తెలుగు లిపి సగము వచ్చినట్లే. చేజారుచున్నది మిగిలిన సగము. అది తలకట్టువంటి సూక్ష్మములయందున్నది. పుస్తకము పట్టని బాలుడును కత్తెర పట్టును. తన పేరును అట్టపై కోసిన పిల్ల, ఎచట అంటవలెనో ఎచట విడువవలెనో చేతితోనే నేర్చును.

పాత క్యాలెండరు అట్ట, చిన్న కత్తి, కొంచెము రంగు చాలును. కత్తిపని పెద్దలు దగ్గరనుండి చేయింపవలెను. నమూనాకు ముంబయి ఏక్ టైప్ వారు ఉచితముగా నొసగిన 'బలూ' అక్షరములు అనుకూలములు. వానిలో కన్నడమునకు 'తమ్మ', తెలుగునకు 'తమ్ముడు' అని పేర్లు. అవి స్టెన్సిలు కాకున్నను, బొద్దుగా నుండుటచే కోయుట సులభము. పట్టీలను మాత్రము మనమే చేర్చుకొనవలెను.

ప్రతి యింటను పిల్లలచేత ఇంటిపేరును రెండు లిపులందును కోయించి, పెట్టెపైనో తలుపుపైనో అచ్చువేయింపుడని మనవి చేయుచు, సెలవు తీసికొనుచున్నాము.