పింఛను తరువాత పలక
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు, పింఛను దయతో వేసే భిక్ష కాదనీ, చేసిన సేవకు దక్కే హక్కనీ తీర్పు చెప్పింది. అందుకే ఈ రోజు మనకు పండుగ. మరో ఐదు రోజులకు, 22వ తేదీన, జాతీయ గణిత దినోత్సవం. అది శ్రీనివాస రామానుజన్ జన్మదినం. ఆయన 1912లో మద్రాసు పోర్టు ట్రస్టులో నెలకు 30 రూపాయల జీతం మీద గుమాస్తాగా చేరారు. అంతటి మేధావితో మనకు పోలిక లేదు గాని, కూర్చున్న కుర్చీ మాత్రం మనదే. ఆ చనువుతో నాలుగు మాటలు మనవి చేస్తాను.

నేను రెవెన్యూ శాఖలో గుమాస్తాగా చేరి, 2011లో సీనియర్ అసిస్టెంటుగా పదవీ విరమణ చేశాను. అప్పటి నుంచి మహమ్మద్ నగర్‌లో మా ఇంటి అరుగు మీద ఆరు నుంచి పదో తరగతి దాకా పిల్లలకు లెక్కలు, సైన్సు చెబుతున్నాను. ఫీజు లేదు. "బి.ఎడ్. చదవలేదు కదా, మీరెట్లా చెబుతున్నారు?" అని మన మిత్రులే అడుగుతుంటారు. దానికి జవాబు చెప్పడమే ఈనాటి నా ప్రసంగం.

మొదట నేను చదువుకున్నాను. ఆరో తరగతి పుస్తకంతో మొదలుపెట్టి పదో తరగతి దాకా ప్రతి అభ్యాసంలోని ప్రతి లెక్కనూ నా చేత్తో చేశాను. ఆ తరువాతే పిల్లలను పిలిచాను. ఇప్పటికీ రేపటి పాఠం ఇవాళ రాత్రి చేసి చూసుకునే పడుకుంటాను. 2022–23 నుంచి సర్కారు బడులలో ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు ఇంగ్లీషు మీడియం వచ్చింది. పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు. కొందరు పిల్లలకు 'ఫ్రాక్షన్' అన్నా తెలియదు, 'భిన్నం' అన్నా తెలియదు. "పావుకిలో పంచదార" అంటే అందరికీ తెలుసు. నేను అక్కడి నుంచి మొదలుపెడతాను.

మన ఆఫీసు చదువు వృథా కాదని చెప్పడానికి ఒక ఉదాహరణ. ఎకరాకు 40 గుంటలు, గుంటకు 121 చదరపు గజాలు. ఇది పహాణీ రాసిన మన చేతికి కంఠోపాఠం. పిల్లలను అడుగుతాను: "120 కాకుండా 121 ఎందుకురా?" కాసేపు ఆలోచిస్తారు. పదకొండు పదకొండ్ల నూట ఇరవై ఒకటి అని ఒకడు అరుస్తాడు. అంటే గుంట ఒక చదరం. ఒక్కో పక్క 11 గజాలు, అనగా 33 అడుగులు. తాడు పట్టుకొని బయటికి వెళ్లి కొలిచి ముగ్గుతో గీస్తాం. వర్గమూలం అనే మాట ఆ ముగ్గు మధ్యలో నిలబడ్డ తరువాతే చెబుతాను. ఇక మరచిపోరు.

మాది నిజాంసాగర్ పొరుగు ఊరు. 1923లో మొదలై 1931లో పూర్తయిన ఆ ప్రాజెక్టును నవాబు అలీ నవాజ్ జంగ్ కట్టించారు. వానాకాలంలో రోజూ పేపర్లో టీఎంసీలు, క్యూసెక్కులు అని చదువుతాం. టీఎంసీ అంటే 100 కోట్ల ఘనపుటడుగులు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు. రోజుకు 86,400 సెకన్లు. భాగించమంటాను. దాదాపు 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ అవుతుందని వాళ్లే తేలుస్తారు. కట్టినప్పుడు 29.7 టీఎంసీలు పట్టిన జలాశయానికి ఇప్పటి లెక్క 17.8. ఎంత శాతం తగ్గింది? నూటికి నలభై. ఆ జవాబు వచ్చినరోజు, "మరి పూడిక తియ్యరా తాతా?" అని అడిగాడొక ఏడో తరగతి పిల్లవాడు. లెక్క ఊరి మీదికి వచ్చిందని నాకు సంతోషమైంది.

సైన్సుకు ప్రయోగశాల లేదు. ఒక ప్లాస్టిక్ సీసాకు మూడు ఎత్తులలో మూడు రంధ్రాలు పెట్టి నీళ్లు నింపుతాం. అరుగు అంచున పెడితే అడుగు రంధ్రం ధార అన్నిటికన్నా దూరం పడుతుంది. లోతు పెరిగితే ఒత్తిడి పెరుగుతుందనీ, ఆనకట్ట అడుగున మందంగా ఎందుకు ఉంటుందో దీనివల్ల తెలుస్తుందనీ చెప్పాను. ఒక పాప అదే సీసాను నేల మీద పెట్టింది. ఈసారి నడిమి ధార దూరం పోయింది! "ఎందుకు తాతా?" అంది. "రేపు చెబుతాను" అన్నాను. రాత్రి కూర్చుని చూసుకుంటే సంగతి తెలిసింది: అడుగు ధారకు వేగం ఉన్నా, నేల దగ్గరే ఉన్నందువల్ల ముందుకు సాగే వ్యవధి లేదు. "తెలియదు, చూసి చెబుతాను" అనే మాట పెద్దవాళ్ల నోట వింటే పిల్లలకు ప్రశ్నలంటే భయం పోతుంది.

ఇక అసలు విషయం. నా దగ్గర ఒక రిజిస్టరు ఉంది. ఎడమ పేజీలో పిల్లవాడి పేరు, కుడి పేజీలో లెక్క ఏ మెట్టు దగ్గర ఆగిందో ఆ వివరం. మార్కులు రాయను. ఫైలు ఎవరి బల్ల మీద ఆగిందో వెతకడమే కదా మన జీవితమంతా చేసిన పని! ఎనిమిదో తరగతి బీజగణితం రాదన్న పిల్లవాడికి తరచుగా అడ్డుపడేది నాలుగో తరగతి భాగహారమే.

ఒక తల్లి తన కూతురిని తీసుకొచ్చి, "సారూ, దీనికి లెక్కలు ఎక్కవట. పది అయినంక బీడీల చాటకే కూసోబెడత" అంది. నేను పాపను అడిగాను: "వెయ్యి బీడీలకు 240 రూపాయలనుకో. 650 చేస్తే ఎంత?" "నూటికి 24. ఆరు నూర్లకు 144. యాభైకి 12. మొత్తం 156" అంది, వేళ్లయినా ముడవకుండా. "నీవు చేసిందే అనుపాతం తల్లీ, ఆ పాఠం నీకు వచ్చు" అన్నాను. తల్లి నిలబడి విన్నది. ఆ అమ్మాయి చాట ముందుకు పోలేదు. ఇవాళ డిగ్రీలో గణితం చదువుతోంది, సెలవుల్లో వచ్చి చిన్నవాళ్లకు ఎక్కాలు చెబుతుంది.

అందరి కథా ఇట్లా కాదు. పదో తరగతి పరీక్షలకు రెండు నెలల ముందు ఒక అబ్బాయి వచ్చాడు. మోటారు విప్పి బిగించగల తెలివి గలవాడు. భాగహారం దగ్గర ఆగిపోయి ఏళ్లయినా ఎవరి కంటా పడలేదు. రెండు నెలలు చాలలేదు. లెక్కల్లో తప్పి, కూలికి పోయి, తరువాత గల్ఫ్ వెళ్లాడు. అదే పిల్లవాడు ఆరో తరగతిలో ఏదో ఒక అరుగు ఎక్కి ఉంటే? ఆ ప్రశ్న నన్ను వదలదు.

అందుకే మిత్రులారా, నా విన్నపం. 2009 నాటి విద్యాహక్కు చట్టం 28వ సెక్షను ఉపాధ్యాయులు ప్రైవేటు ట్యూషన్లు చెప్పరాదంటుంది. మనకా అడ్డంకి లేదు, తీరిక ఉంది. పదిమంది వద్దు, ముగ్గురితో మొదలుపెట్టండి. పదో తరగతి దాకా ఆగకుండా ఆరో తరగతి వాళ్లనే పిలవండి. రోజుకు గంట చాలు. కొట్టవద్దు, తిట్టవద్దు, "ఇది ఎట్లా చేశావో చెప్పు" అని అడిగి, పూర్తిగా వినండి. ట్రెజరీలో పనిచేసినవారికి శాతాలు తెలుసు, నీటిపారుదల వారికి ఘనపరిమాణాలు తెలుసు, ఆసుపత్రిలో చేసిన సోదరీమణులకు జీవశాస్త్రం తెలుసు. మన శాఖలన్నీ కలిస్తే ఒక బడి.

నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చి మనం బతికే ఉన్నామని ప్రభుత్వానికి రుజువు చేస్తున్నాం. ఆ రుజువు మన వీధి పిల్లలకు కూడా అందాలని కోరుతున్నాను.