మిర్చి చేను నుంచి పరిశోధనశాల దాకా

 

పల్నాటిలో మిర్చి, పత్తి కష్టం తెలియని ఇల్లు లేదు. 2021-22 పంటకాలంలో నల్ల తామర పురుగు మిర్చి పూతను ఎలా నాశనం చేసిందో కౌలుకు చేసిన మన కుటుంబాలకు ఇంకా గుర్తే. ఆకుముడత వైరసును తెల్లదోమ మోసుకొస్తుంది. 2002లో అనుమతి పొందిన బీటీ పత్తిని తట్టుకునే శక్తిని గులాబీ రంగు పురుగు కొన్నేళ్ళకే సంపాదించుకున్నది. ఈ వ్యవహారాన్ని మొక్క జన్యువుల లోపలికి వెళ్ళి పరిశీలించేదే వృక్ష అణుజీవశాస్త్రం. తెగులును ఓర్చుకునే మొక్క డి.ఎన్.ఏ.లో ఏ భాగం వేరుగా ఉన్నదో తెలిస్తే, పంట కోతకు వచ్చేదాకా ఆగనక్కరలేదు, నారు దశలోనే మంచి మొక్కను ఏరుకోవచ్చు. మన పొలాల్లో పండే కంది జన్యుక్రమాన్ని 2011లో వెలికి తీసిన బృందానికి పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సంస్థే నాయకత్వం వహించింది.

మరి ఈ చదువులోకి మన పిల్లలు ఎందుకు రావడం లేదు? మేము ఇంటింటికీ తిరిగి అడిగినప్పుడు తల్లిదండ్రులు చెప్పే మాట ఒకటే: "ఇంకా ఐదేళ్ళు ఫీజులు ఎక్కడ తెచ్చేది?" ఇక్కడే పొరపాటు ఉన్నది. జె.ఆర్.ఎఫ్. వచ్చిన పరిశోధక విద్యార్థికి ప్రభుత్వమే జీతంలాగా చెల్లిస్తుంది. 2023 జనవరి 1 నుంచి మొదటి రెండేళ్ళు నెలకు 37,000 రూపాయలు, తరువాత పని సంతృప్తికరంగా ఉంటే 42,000 రూపాయలు. హాస్టలు ఇవ్వనిచోట ఇంటి అద్దె అదనం. మిర్చి కోతకు పోయే తల్లి ఏడాది కూలీతో దీన్ని పోల్చి చూడండి.

మైనారిటీ విద్యార్థుల కోసం 2009లో మొదలైన మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను కేంద్రం 2022-23 నుంచి నిలిపివేసింది. ఇతర పథకాలు ఉన్నాయి కదా అన్నది వారి వాదన. ఆ వాదనను మేము అంగీకరించడం లేదు. అయితే అది తిరిగి వచ్చేదాకా చేతులు కట్టుకొని కూర్చోవడమూ సరికాదు. సి.ఎస్.ఐ.ఆర్.-యు.జి.సి. నెట్‌లో జీవశాస్త్రాల పరీక్ష ఉన్నది. బయోటెక్నాలజీ శాఖ ఇచ్చే జె.ఆర్.ఎఫ్. ఉన్నది. జె.ఆర్.ఎఫ్. వయోపరిమితిలో స్త్రీలకు ఐదేళ్ళ సడలింపు ఉన్నది. పెళ్ళి అయిన కోడలు కూడా ఈ పరీక్ష రాయవచ్చునని అత్తమామలు దయచేసి గమనించాలి. బి.ఎస్సీ. కాగానే జామ్ పరీక్ష ద్వారా బెంగళూరు ఐ.ఐ.ఎస్‌సి.లో ఇంటిగ్రేటెడ్ పిహెచ్.డి.లో చేరే దారి కూడా ఉన్నది. పరిశోధనకు హైదరాబాదు విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రాల విభాగం, ఢిల్లీలో జాతీయ వృక్ష జీనోమ్ పరిశోధన సంస్థ ఉన్నాయి.

దస్త్రాల మధ్య జీవితం గడిపిన వాళ్ళం గనుక ఒక హెచ్చరిక చేస్తున్నాము. రాష్ట్ర బి.సి.-ఇ ధ్రువపత్రం ఒకటి, కేంద్ర ఓబీసీ జాబితా మరొకటి. దూదేకుల వారు కేంద్ర జాబితాలో ఉన్నారు. బి.సి.-ఇ కిందికి వచ్చినంత మాత్రాన అందులో ఉన్నట్లు కాదు. లేనివారు ఆదాయ, ఆస్తి పరిమితులకు లోబడి ఇ.డబ్ల్యు.ఎస్. ధ్రువపత్రం కోరవచ్చు. అదీ కేంద్ర నమూనాలోనే ఉండాలి. ప్రకటన వెలువడ్డాక తహశీల్దారు కార్యాలయం చుట్టూ తిరిగితే గడువు మించిపోతుంది.

మనవాళ్ళకు ఇది కొత్త దారి అనుకోవద్దు. అలీగఢ్‌లో చదివిన ఒబైద్ సిద్దీఖీ మొదట గోధుమ మొక్కల మీదే పరిశోధన ప్రారంభించారు. వడగళ్ళ వాన ఆయన పైరును తుడిచిపెట్టింది. ఆయన గ్లాస్గో వెళ్ళి డాక్టరేటు సాధించి, 1962లో బొంబాయి టాటా సంస్థలో అణుజీవశాస్త్ర విభాగాన్ని నెలకొల్పారు.

ఫెలోషిప్ పునరుద్ధరణ కోరే వినతిపత్రం ఈ బల్లపై ఉన్నది. పక్కనే మరో పుస్తకం పెట్టాము. నరసరావుపేట, మాచర్ల, గురజాల ప్రాంతాల్లో బి.ఎస్సీ., ఎం.ఎస్సీ. చదువుతున్న పిల్లల పేర్లు, సబ్జెక్టులు అందులో రాసి వెళ్ళండి. ధ్రువపత్రాల పని మేము చూసుకుంటాము.